మాడ్యూల్స్ ఉన్నాయి సరే, ఏ పైథాన్‌లో ఉన్నాయి?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో అకౌంట్స్ చూస్తుంటాను. మా దగ్గర పనిచేసి వెళ్ళిపోయిన అబ్బాయి ఒక పైథాన్ ప్రోగ్రాం రాసిపెట్టాడు. రోజూ సాయంత్రం ఐకాన్ నొక్కితే ఆ రోజు అమ్మకాల ఎక్సెల్ ఫైలు చదివి రైతుల వారీగా పట్టీలు తయారు చేసేది. ఈ మధ్య సిస్టమ్ స్లో అయిందని సర్వీస్‌కి ఇస్తే ఉబుంటు (మా కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04ని 24.04కి అప్‌గ్రేడ్ చేసి ఇచ్చారు. అప్పటినుంచి ఐకాన్ నొక్కితే "నో మాడ్యూల్ నేమ్డ్ పాండాస్" అంటోంది. టెర్మినల్‌లో పిప్ లిస్ట్ కొడితే మాత్రం పాండాస్ కనిపిస్తోంది. పోనీ అక్కడే ప్రోగ్రాం నడుపుదామంటే ఈసారి "ఓపెన్‌పైఎక్సెల్ లేదు" అంటోంది. హోమ్ ఫోల్డర్‌లో వెతికితే పైథాన్3.10 అని ఒక ఫోల్డరూ, మినీకాండా అని ఇంకొకటీ దొరికాయి. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే "ఎప్పుడో వేశానక్కా, దేంతో వేశానో గుర్తులేదు" అన్నాడు. ఏ పైథాన్‌తో వేశాడో ఇప్పుడు తెలుసుకునే దారి ఉందా? 3.10 ఫోల్డర్‌లో ఉన్నవన్నీ కాపీ చేసి కొత్తదాంట్లో పెడితే సరిపోతుందా? మినీకాండా తీసేయొచ్చా? సీజన్ నడుస్తోంది, పట్టీలు చేత్తో రాయలేక చస్తున్నాం.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

ఆ అబ్బాయికి గుర్తులేకపోయినా ఇబ్బంది లేదు. ఏ మాడ్యూల్‌ని (పాండాస్ లాంటి, ప్రోగ్రాం వాడుకునే రెడీమేడ్ ముక్కని) ఏ పైథాన్‌తో వేశారన్నది సిస్టమ్‌లోనే రాసి ఉంటుంది, అదీ ఒకచోట కాదు, నాలుగైదు చోట్ల. ఎక్కడ చూడాలో చెబుతాను. ముందు ఒక మాట. ఇక్కడ కమాండ్లు, ఫోల్డర్ల పేర్లు పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు అక్షరాలు ఇంగ్లిష్‌లో కొట్టండి. అంకెలు, గీతలు, చుక్కలు ఇక్కడున్నట్టే ఉంచండి.

మీ సిస్టమ్‌లో జరిగింది ఇదీ. పైథాన్ 3.10 అన్నా, 3.12 అన్నా రెండూ "పైథాన్ 3" కిందికే వస్తాయి కాబట్టి ఒకదానికి వేసింది రెండోదానికీ పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. పనికిరాదు. చుక్క తర్వాత అంకె మారితే మాడ్యూల్స్ ఫోల్డరే మారిపోతుంది. 22.04తో వచ్చేది పైథాన్ 3.10, 24.04తో వచ్చేది 3.12. అప్‌గ్రేడ్ చేసినవాళ్ళు మీ హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోలేదు, అది మంచిదే. అందుకే పాత మాడ్యూల్స్ అన్నీ 3.10 పేరున్న ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నాయి. కొత్తగా వచ్చిన 3.12 తన పేరున్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అక్కడేమీ లేదు. ఒక లాట్ నంబరు రాసిన రసీదు పట్టుకెళ్ళి కోల్డ్ స్టోరేజీలో ఇంకో లాట్ బస్తాలు ఇమ్మంటే ఇవ్వరు కదా, ఇదీ అంతే.

మరి పిప్ లిస్ట్‌లో పాండాస్ ఎందుకు కనిపించింది? పిప్ అంటే మాడ్యూల్స్ వేసే పనిముట్టు, మినీకాండా అంటే తన సొంత పైథాన్‌తో వచ్చే వేరే సెట్టు. అక్కడ మీకు జవాబిచ్చింది మినీకాండా వాళ్ళ పిప్. మినీకాండా వేసేటప్పుడు హోమ్ ఫోల్డర్‌లోని .బ్యాష్‌ఆర్‌సి అనే ఫైల్‌లో కొన్ని లైన్లు రాసుకుంటుంది. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ ఆ ఫైల్ నడుస్తుంది, దాంతో మినీకాండా అందరికంటే ముందు వరసలోకి వచ్చి కూర్చుంటుంది. ఐకాన్ నొక్కినప్పుడు ఆ ఫైల్ నడవదు, కాబట్టి ఉబుంటు సొంత పైథాన్ వస్తుంది. మీకు రెండు చోట్ల రెండు రకాల ఎర్రర్ రావడానికి కారణం ఇదే. ఐకాన్ 3.12ని అడిగింది, టెర్మినల్ మినీకాండాని అడిగింది. పాండాస్, ఓపెన్‌పైఎక్సెల్ రెండూ ఉన్న పాత 3.10ని ఎవరూ అడగలేదు.

ఇది నిజమో కాదో మీరే తేల్చుకోండి. టెర్మినల్ తెరిచి "విచ్ -ఏ పైథాన్3" అని కొట్టండి. మీ సిస్టమ్‌కి తెలిసిన పైథాన్3లన్నీ వరసగా వస్తాయి, పైన ఉన్నదే మీరు పేరు కొట్టినప్పుడు పలికేది. తర్వాత "పిప్ --వెర్షన్" కొట్టండి. చాలామంది ఇందులో పిప్ నంబరు ఒక్కటే చూసి వదిలేస్తారు. మనకు కావాల్సింది ఆ లైన్‌లో మిగతా భాగం. ఈ పిప్ ఏ ఫోల్డర్‌లోంచి వచ్చిందో ఉంటుంది, చివర బ్రాకెట్లలో అది ఏ పైథాన్‌దో ఉంటుంది. పిప్ ఎప్పుడూ ఏదో ఒక పైథాన్‌కి చెందినదే. స్వతంత్రంగా తిరిగే పిప్ అంటూ ఏదీ లేదు. అందుకే నేనైతే వట్టి "పిప్ ఇన్‌స్టాల్" అని ఎవరికీ చెప్పను. "పైథాన్3 -ఎం పిప్ ఇన్‌స్టాల్" అనమంటాను. అలా అంటే ఏ పైథాన్ పేరు కొట్టామో దానికే వెళ్తుంది, అనుమానానికి తావుండదు.

ఇక అసలు ప్రశ్న, ఎప్పుడో వేసినవాటి సంగతి. ముందు ఆ మాడ్యూల్ డిస్కు మీద ఎక్కడెక్కడ ఉందో వెతకండి. "ఫైండ్ / -నేమ్ 'ఓపెన్‌పైఎక్సెల్-*' 2>/డెవ్/నల్" అని కొడితే డిస్కంతా జల్లెడ పట్టి ఆ పేరుతో మొదలయ్యే ఫోల్డర్లు చూపిస్తుంది. కాసేపు పడుతుంది. చివర "డిస్ట్-ఇన్ఫో" అని ఉన్న ఫోల్డర్ మనకు కావాలి. అది ఉన్న దారిని బట్టే సగం కథ తెలిసిపోతుంది.

హోమ్‌లో .లోకల్/లిబ్/పైథాన్3.10/సైట్-ప్యాకేజెస్ అని ఉంటే, సుడో (అడ్మిన్ అధికారం) లేకుండా మామూలుగా 3.10 పిప్‌తో వేశాడని అర్థం. మీరు చూసిన ఫోల్డర్ ఇదే అయి ఉండాలి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు మామూలుగా కనిపించవు కాబట్టి ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ నొక్కి చూడండి. /యుఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.10/డిస్ట్-ప్యాకేజెస్ అయితే సుడో పెట్టి వేశాడు. మినీకాండా ఫోల్డర్ లోపల ఉంటే అది మినీకాండా పైథాన్‌ది, ఆ దారిలోనే దాని నంబరు కూడా ఉంటుంది.

తికమక పెట్టేవి రెండున్నాయి. ఒకటి /యుఎస్ఆర్/లిబ్/పైథాన్3/డిస్ట్-ప్యాకేజెస్. ఇక్కడ 3 తర్వాత చుక్కా లేదు, అంకే లేదు. ఇది పిప్‌తో వేసినవి ఉండే చోటు కాదు, ఉబుంటు తన సొంత పనిముట్టు ఏప్ట్ ద్వారా పెట్టేవి ఉండే చోటు. అప్‌గ్రేడ్‌తో పాటు ఇవీ కొత్తవైపోతాయి. వీటి జోలికి మీరు వెళ్ళకండి. ఎప్పుడు ఏం వేశారో కావాలంటే /వార్/లాగ్/ఏప్ట్ ఫోల్డర్‌లోని హిస్టరీ లాగ్‌లో తేదీలతో సహా ఉంటుంది. పిప్‌కి మాత్రం అలాంటి చిట్టా మామూలుగా ఉండదు, నాకు దాని మీద ఉన్న ఫిర్యాదుల్లో ఇదొకటి.

రెండోది, ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే మాడ్యూల్స్ పడేయడం. పిప్‌కి "--టార్గెట్" అని చెప్పి ఫలానా ఫోల్డర్‌లో పెట్టు అంటే పెట్టేస్తుంది. అప్పుడు దారిలో ఏ నంబరూ ఉండదు. ఒకరికి ప్రోగ్రాం రాసిచ్చి వెళ్ళిపోయే కుర్రాళ్ళు ఈ పని తరచూ చేస్తుంటారు. మీ దాంట్లోనూ "లిబ్స్" లాంటి ఫోల్డర్ ఉందేమో చూడండి.

దారి చూసి తేలకపోతే డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్ లోపలికి వెళ్ళండి. నాలుగైదు చిన్న ఫైళ్ళుంటాయి, అన్నీ మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరుచుకునేవే. "ఇన్‌స్టాలర్" అనే ఫైల్‌లో ఒకటే మాట ఉంటుంది, పిప్ అనో కాండా అనో యూవీ అనో (కాండా మినీకాండాది, యూవీ పిప్ లాంటిదే ఇంకో పనిముట్టు). దేంతో వేశారో దాన్నిబట్టి తెలుస్తుంది, ఏ పైథాన్‌తో వేశారో తెలియదు. "వీల్" అనే ఫైల్‌లో ట్యాగ్ అని ఒక లైన్ ఉంటుంది. పాండాస్ లాంటి వాటికి అందులో సీపీ310 అని కనిపిస్తుంది, అంటే 3.10 కోసం తయారైన ముక్క అని. ఓపెన్‌పైఎక్సెల్‌కి మాత్రం పీవై అనే మాటా, చివర నన్, ఎనీ అనే మాటలూ కనిపిస్తాయి, ఎందుకంటే అది పూర్తిగా పైథాన్‌లోనే రాసింది, ఏ నంబరుకైనా నడుస్తుంది. కొన్నిటికి ఏబీఐ3 అనే మాట ఉంటుంది. సీపీ39-ఏబీఐ3 అని ఉంటే 3.9తో వేశారని కాదు, 3.9 మొదలుకొని పైవాటన్నిటికీ పనికొస్తుందని. ఇక్కడ పొరబడేవాళ్ళు ఎక్కువ.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం "రికార్డ్" అనే ఫైల్. పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పిప్ ఒక మాడ్యూల్‌ని వేసేటప్పుడు దాని ఫైళ్ళన్నిటినీ అప్పటికప్పుడు కంపైల్ చేసి (పైథాన్ నేరుగా నడుపుకునే రూపంలోకి మార్చి), పైక్యాష్ అనే ఫోల్డర్లలో పెడుతుంది. ఆ కంపైల్ అయిన ఫైళ్ళ పేర్లలో సీపైథాన్-310 అనో సీపైథాన్-312 అనో ఉంటుంది. 3.2 వెర్షన్ నుంచీ పైథాన్ పద్ధతి ఇదే. పిప్ ఆ పేర్లన్నీ రికార్డ్ ఫైల్‌లో రాసిపెడుతుంది. కాబట్టి ఆ డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి "గ్రెప్ సీపైథాన్ రికార్డ్" అని కొడితే, ఏ పైథాన్ నడుపుతున్న పిప్‌తో వేశారో చేతిలో పెట్టినట్టు వస్తుంది. ఓపెన్‌పైఎక్సెల్ లాంటి ఏ నంబరుకైనా నడిచే మాడ్యూల్‌కీ ఇది పనిచేస్తుంది. వీల్ ఫైల్ కంటే దీన్ని నేను ఎక్కువ నమ్మేది అందుకే. కాండా వేసిన వాటికి, యూవీతో వేసిన వాటికి ఈ కిటుకు మీద ఆధారపడకండి. యూవీ వేసేటప్పుడు కంపైల్ చేయదు, అడిగితే తప్ప.

ఇక్కడే మీకొక అనుమానం రావచ్చు. రికార్డ్ దాకా ఎందుకు, నేరుగా పైక్యాష్ ఫోల్డర్ తెరిచి నంబరు చూస్తే పోదా అని. చూడొచ్చు, కానీ జాగ్రత్త. తర్వాత ఎప్పుడైనా ఇంకో పైథాన్ ఆ మాడ్యూల్‌ని వాడుకున్నా తన నంబరుతో ఫైళ్ళు అక్కడే వదిలిపోతుంది. రెండు నంబర్లూ కలిసి ఉంటే ఏది ఎక్కువ ఉందో చూడండి. వేసినప్పటి పైథాన్ అన్ని ఫైళ్ళనీ కంపైల్ చేసి ఉంటుంది, తర్వాత వచ్చింది తనకు పనిబడిన కొన్నిటినే చేసి ఉంటుంది. మీ అబ్బాయి టార్గెట్ ఫోల్డర్ వాడి ఉంటే ఈ రెండో పరీక్ష పనికొస్తుంది.

.లోకల్/బిన్ ఫోల్డర్‌లో ఉండే పిప్ లాంటి చిన్న స్క్రిప్టుల మొదటి లైన్ చూసి పైథాన్ కనుక్కోమని ఇంకెవరైనా చెప్పవచ్చు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రోగ్రాం కోసం విడిగా పెట్టుకున్న పైథాన్‌లో) అయితే అది సరైన సలహానే. మీ విషయంలో అది తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ /యుఎస్ఆర్/బిన్/పైథాన్3 అని మాత్రమే ఉంటుంది. ఆ పేరు నిన్న 3.10ని చూపించేది, ఇవాళ 3.12ని చూపిస్తోంది. మొదటి లైన్ మారలేదు, అది చూపించే మనిషే మారాడు.

మీ రెండో ప్రశ్న, 3.10లోవి కాపీ చేసి 3.12 ఫోల్డర్‌లో పెట్టడం. వద్దు. ఓపెన్‌పైఎక్సెల్ బహుశా నడిచేస్తుంది, అదే ప్రమాదం, అంతా బాగుందనుకుంటారు. పాండాస్, దాని కింద ఉండే నంపై మాత్రం నడవవు. వాటిలో సీ భాషలో రాసి కంపైల్ చేసిన ముక్కలుంటాయి. ఆ ఫైళ్ళ పేర్లలోనే 310 అని ఉంటుంది, 3.12 వాటివైపు కన్నెత్తి కూడా చూడదు. అప్పుడు వచ్చే ఎర్రర్ ఇప్పటిదానికంటే అయోమయంగా ఉంటుంది.

కాపీ చేయకుండానే పాత ఫోల్డర్ మనకు పనికొస్తుంది, జాబితా తీసుకోవడానికి. ఇలా చేయండి. ముందు "సుడో ఏప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్". తర్వాత "/యుఎస్ఆర్/బిన్/పైథాన్3 -ఎం వెన్వ్ ~/పట్టీఎన్వ్". ఇక్కడ పూర్తి దారి కొట్టమంటున్నది టెర్మినల్‌లో మినీకాండా అడ్డం రాకుండా ఉండటానికే. ఇప్పుడు పట్టీఎన్వ్ అనే ఫోల్డర్‌లో మీ ప్రోగ్రాం కోసమే ఒక పైథాన్, దానికో పిప్ తయారయ్యాయి. ఆ పిప్‌తోనే పాత ఫోల్డర్‌ని చదివించండి: "~/పట్టీఎన్వ్/బిన్/పైథాన్ -ఎం పిప్ ఫ్రీజ్ --పాత్ ~/.లోకల్/లిబ్/పైథాన్3.10/సైట్-ప్యాకేజెస్ > జాబితా.టిఎక్స్‌టి". పాత పైథాన్ 3.10 సిస్టమ్‌లో లేకపోయినా ఫర్వాలేదు. పిప్ ఆ డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్ల పేర్లు చదివి, ఏ మాడ్యూల్ ఏ వెర్షనో రాసిచ్చేస్తుంది.

ఆ జాబితాని తెరిచి చూడండి. అందులో మీ ప్రోగ్రాంకి సంబంధం లేనివీ ఉంటాయి, ఆ అబ్బాయి నేర్చుకుంటూ వేసినవి. మీకు కావాల్సినవేవో తెలియాలంటే ప్రోగ్రాం ఫైల్ తెరిచి పైన "ఇంపోర్ట్" అని ఉన్న లైన్లు చూడండి. బహుశా పాండాస్, ఓపెన్‌పైఎక్సెల్ రెండే అయి ఉంటాయి. అలాంటప్పుడు జాబితా మొత్తం ఎక్కించకండి, "~/పట్టీఎన్వ్/బిన్/పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్ ఓపెన్‌పైఎక్సెల్" చాలు. పాత వెర్షన్ నంబర్లు కూడా పెట్టకండి. నంపై 1.26 నుంచే 3.12కి పనికొస్తుంది. అంతకంటే పాతది అడిగితే పిప్ దాన్ని మీ సిస్టమ్‌లో మొదటినుంచీ తయారు చేయబోయి తెర నిండా ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోతుంది.

ఎవరైనా "ఎందుకమ్మా ఇంత గోల, సుడో పిప్ ఇన్‌స్టాల్ కొట్టేయ్" అంటే వినకండి. 24.04లో అలా కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తుంది. అదే మెసేజ్ కింద, దాన్ని దాటాలంటే "--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్" అని పెట్టమని దారి కూడా చూపిస్తుంది. పేరులోనే బ్రేక్ అని ఉంది చూడండి. ఉబుంటు తన సొంత పనులకు వాడుకునే పైథాన్ అది. దాన్ని కెలికితే పట్టీలతో ఆగదు, సిస్టమ్ అప్‌డేట్లు కూడా ఆగిపోవచ్చు.

చివరగా ఐకాన్. డెస్క్‌టాప్ మీద ఉన్నది ".డెస్క్‌టాప్"తో ముగిసే ఫైల్ అయి ఉంటుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే "ఎగ్జెక్" అని ఒక లైన్ ఉంటుంది, ఇప్పుడు అందులో పైథాన్3 అని ఉండాలి. దాని స్థానంలో పట్టీఎన్వ్/బిన్/పైథాన్‌కి పూర్తి దారి రాయండి, /హోమ్ దగ్గర్నుంచీ. ఇక్కడ అలల గుర్తు (~) పనిచేయదు. ఇంకో చిన్న పని, ప్రోగ్రాం మొదట్లో "ఇంపోర్ట్ సిస్" అని, కింద "ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)" అని రెండు లైన్లు చేర్చండి. టెర్మినల్‌లో నడిపినప్పుడు ఏ పైథాన్ నడుస్తోందో అదే చెబుతుంది, మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

మాడ్యూల్స్ గొడవ తీరాక, ప్రోగ్రాం మధ్యలో "డేటాఫ్రేమ్‌కి అపెండ్ లేదు" అని ఆగితే కంగారు పడకండి, అది వేరే సంగతి. పాండాస్ 2.0లో ఆ అపెండ్ తీసేశారు, కాన్‌క్యాట్ వాడాలి. ఒకట్రెండు లైన్ల పని, ఆ అబ్బాయిని ఫోన్‌లోనే అడగొచ్చు. శని, ఆదివారాలు యార్డు సెలవు కదా, ఇదంతా శనివారం పొద్దున పెట్టుకోండి. శుక్రవారం నాటి ఫైల్‌తో ఒకసారి నడిపి, చేత్తో రాసిన పట్టీలతో తేజ, 334 రకాలవారీగా బస్తాలు, కమీషన్, హమాలీ సరిపోయాయో లేదో చూడండి.

విండోస్ వాడే పాఠకులు ఇదే ప్రశ్న వేరే రకంగా అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. పైథాన్ సైట్ నుంచి దించి వేసుకున్నవాళ్ళు కమాండ్ ప్రాంప్ట్‌లో "పీవై -0పీ" అని కొడితే, సున్నా తర్వాత పీ, సిస్టమ్‌లో ఉన్న పైథాన్లన్నీ వాటి దారులతో సహా వస్తాయి. మాడ్యూల్స్ ఆ దారిలోనే లిబ్ కింద సైట్-ప్యాకేజెస్‌లో ఉంటాయి. ఫలానా దానికే వేయాలంటే "పీవై -3.12 -ఎం పిప్ ఇన్‌స్టాల్". రికార్డ్ ఫైల్ కిటుకు అక్కడా అదే.

మినీకాండా మాటకొస్తే, తీసేయొచ్చు, కానీ ఇవాళే కాదు. ముందు "కాండా కాన్ఫిగ్ --సెట్ ఆటో_యాక్టివేట్_బేస్ ఫాల్స్" అని కొట్టి, టెర్మినల్ మూసి మళ్ళీ తెరవండి. ఇకనుంచి అది తనంతట తాను ముందుకొచ్చి కూర్చోదు. ఆ తర్వాత "కాండా ఎన్వ్ లిస్ట్" కొట్టి చూడండి. బేస్ (మినీకాండాతో పాటే వచ్చేది) తప్ప ఇంకేమీ లేకపోతే, కొట్టులో ఇంకే ప్రోగ్రామూ దాన్ని వాడకపోతే, సీజన్ అయ్యాక ఆ ఫోల్డర్ తీసేసి .బ్యాష్‌ఆర్‌సిలో కాండా పేరుతో ఉన్న లైన్లు తుడిచేయండి. బేస్ కాకుండా ఇంకో పేరు కనిపిస్తే మాత్రం ఆగండి, అందులో ఏముందో "కాండా లిస్ట్ -ఎన్" తర్వాత ఆ పేరు కొట్టి చూశాకే ఏ సంగతీ తేల్చుకోండి. పాత 3.10 ఫోల్డర్‌ని కూడా అప్పటిదాకా అలాగే ఉండనివ్వండి.